కడపటి సీటు

సెమిస్టరు ఆరంభమునకు ముందు, ఉదయము సరిగా తొమ్మిది గంటలకు రిజిస్ట్రేషన్ మొదలగునని విశ్వవిద్యాలయము ప్రకటించిన దినమున, ఇంకను పది నిమిషములు మిగిలియుండగనే, వేలకొలది విద్యార్థులు ఎక్కడివారక్కడ ఒకే వెబ్‌పుటను ముందుంచుకొని గడియారము వంక చూచుచుందురు. వారిలో ఇద్దరిని మాత్రము మనము వేరుగా గుర్తుంచుకొందము: ఒకామె గ్రంథాలయపు మెట్లమీద ల్యాప్‌టాప్ తెరచుకొని కూర్చున్నది; ఒకడు ఊరినుండి వచ్చు బస్సులో కిటికీ ప్రక్కన ఫోను పట్టుకొని యున్నాడు. ఇద్దరికిని కావలసినది గణాంకశాస్త్రము. ఆ తరగతిలో 60 సీట్లు, తొమ్మిది దాటిన కొలదిసేపటికే 59 నిండినవి. మిగిలిన ఆ ఒక్క సీటు కొరకు వారిద్దరును, ఒకరి సంగతి మరియొకరికి తెలియకయే, ఒకే క్షణమున బటన్ నొక్కిరి. ఆమె తెరపై సీటు దొరికినదని కనబడెను. అతని తెరపై తరగతి నిండినదని కనబడెను. ఈ లోపల గడచిన కాలము ఒక సెకనులో ఏ పదవ వంతో. కాని ఆ పదవ వంతును విప్పి చూచినచో, కంప్యూటర్ శాస్త్రమునకు కొన్ని దశాబ్దములు పట్టిన శ్రమయు, అర్థశాస్త్రజ్ఞులు నేటికిని తర్కించుచున్న ఒక న్యాయవిచారమును అందులో ఇమిడియుండుట కాననగును.

నేను డిగ్రీలో చేరిన నాడు ఇట్టి పోటీ లేదు. ఆఫీసు కిటికీ ముందు వరుసలో నిలిచి, బ్యాంకులో ఫీజు కట్టిన చలానాను లోపలికి అందించినప్పుడు గుమాస్తా తలయెత్తి అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏ గ్రూపు?" లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ అని చెప్పినంతనే మూడేండ్ల చదువును, వారములోని ప్రతి గంటయు నిర్ణయమైపోయెను. గ్రూపు అనునది ముందుగనే కట్టియుంచిన మూట. అందులోని పాఠములు ఒకదాని వేళకు మరియొకటి అడ్డుపడకుండునట్లు టైంటేబులు వేసిన అధ్యాపకుడు వేసవి సెలవులలోనే సరిచూచుకొనెడివాడు. ఆ గుమాస్తా ముందున్న రిజిస్టరుకు మరియొక గుణము కలదు. దానిని అప్పుడు మేమెవ్వరమును గమనింపలేదు. పుస్తకము ఒకటి, కలము ఒకటి, వ్రాయు చేయి ఒకటి. 60వ పేరు వ్రాసిన చేయి 61వ పేరు వ్రాయబోవునప్పుడు పై పంక్తి కంటబడక తప్పదు. ఇద్దరు ఒకే క్షణమున వచ్చుట అనునది ఆ కిటికీ ముందు అసంభవము. వరుసయే వారిని ముందు వెనుకలుగా నిలిపెడిది. కాగితమునుండి యంత్రమునకు మారినప్పుడు మనము పోగొట్టుకొన్నది ఆ ఒంటరి కలము. దానిని మరల నిర్మించుటయే రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేరులోని మొదటి కౌశలము.

మూటను విప్పినది ఎంపిక. 1869 నుండి 1909 వరకు హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడుగా నుండిన చార్లెస్ విలియం ఎలియట్, అందరును ఒకే పాఠములను ఒకే క్రమమున చదువవలెనను ప్రాచీన నియమమును సడలించి, ఎవరి పాఠములను వారే కోరుకొను ఎలెక్టివ్ పద్ధతిని విస్తరింపజేసెను. దాని వెంబడి పాఠమునకింత విలువయని కొలుచు క్రెడిట్లు వచ్చినవి. మన దేశమున కొన్ని ఉన్నత సంస్థలలో పూర్వమునుండియు నున్న ఈ పద్ధతి, యూజీసీ 2015లో చాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమునకు మార్గదర్శకములు వెలువరించిన పిదప సాధారణ విశ్వవిద్యాలయముల గడపను కూడ త్రొక్కినది. 40 పాఠ్యాంశములలో 5 ఎన్నుకొనుమన్నచో 6,58,008 విధములుగా ఎన్నుకొనవచ్చును. గుమాస్తా ప్రశ్నకు మా నాడు నాలుగైదు సమాధానములుండెడివి; ఇప్పుడు ఆరున్నర లక్షలు.

ఇన్ని ఎంపికలను భరింపవలసిన యంత్రము తన సమాచారమును ఎట్లు దాచుకొనును? 1970లో ఐబీఎం సంస్థయందలి ఎడ్గార్ కాడ్ అను గణితజ్ఞుడు ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతియే నేటికిని దీనికి పునాది. సమాచారమంతయు పట్టికలుగా నుండును: విద్యార్థులకొక పట్టిక, పాఠ్యాంశములకొకటి, ఆ సెమిస్టరున నడచు సెక్షన్లకొకటి, ఏ విద్యార్థి ఏ సెక్షనులో చేరెనో తెలుపు నమోదులకొకటి. ఒక సంగతి ఒక్కచోటనే వ్రాయబడవలెననునది దీనిలోని ప్రాణసూత్రము. తరగతి గది మారినచో సెక్షన్ల పట్టికలో ఒక్క గడి మార్చిన చాలును. 60 మంది టైంటేబుళ్లును తమంత తామే మారినట్లు కనబడును, ఏలయన వారి టైంటేబుళ్లు వేరుగా ఎక్కడను వ్రాసియుండలేదు, చూచిన ప్రతిసారియు అప్పటికప్పుడు కూర్చబడుచున్నవి.

బటన్ నొక్కినంతనే ఈ పట్టికలపై వరుసగా కొన్ని ప్రశ్నలు సాగును. ఫీజు బకాయి యున్నదా, క్రెడిట్ల పరిమితి దాటునా అనునవి తేలికవి. ముందు చదివియుండవలసిన పాఠమును చదివినాడా అను ప్రశ్న కొంచెము లోతైనది. వాడుకలో దీనిని ప్రీరిక్విజిట్ అందురు. ఒక పాఠమునుండి దానిపై ఆధారపడిన పాఠమునకు బాణము గీయుచు పోయినచో, విశ్వవిద్యాలయపు చదువంతయు ఒక నదీపటము వలె కనబడును. ప్రవాహము ఎన్నడును మొదలైన చోటికి తిరిగి రాకూడదు. వచ్చినచో మొదటిదానికి రెండవదియు, రెండవదానికి మొదటిదియు ముందు చదువవలసివచ్చి, ఆ రెంటిలో దేనిని ఎవ్వరును ఎన్నటికిని ప్రారంభింపజాలరు. కమిటీలు వేర్వేరు సంవత్సరములలో సిలబసును మార్చునప్పుడు ఇట్టి చక్రము తెలియకయే ఏర్పడుట అసంభవమేమియు కాదు. కనుక బాణముల వెంట నడచి చక్రము లేదని నిశ్చయించుకొను గణనవిధానము ఈ సాఫ్ట్‌వేరులకు అవసరమైనది.

ఇక క్లాష్. రెండు తరగతులు వేళలో ఢీకొనుచున్నవా అని తెలిసికొనుటకు, మొదటిసారి ప్రోగ్రాము వ్రాయు విద్యార్థి చాల సందర్భములను ఊహించును: ఒకటి మరియొకదానిలో పూర్తిగా ఇమిడినచో, ముందు భాగము మాత్రము తాకినచో, వెనుక భాగము తాకినచో, రెండును సరిగా ఒకే వేళ నున్నచో. నిజమునకు రెండు ప్రశ్నలు చాలును: ఇది ముగియకముందే అది మొదలగునా, అది ముగియకముందే ఇది మొదలగునా? రెంటికిని ఔననియే సమాధానమైనచో క్లాష్, లేనిచో లేదు. నాలుగు సందర్భములను వేరువేరుగా వెదకుటకు మారుగా ఢీకొనకుండుట యన నేమో ఆలోచించినవారికి ఈ సూత్రము సులభముగా తట్టును. ఢీకొనకుండుటకు మార్గములు రెండే: అది మొదలగుటకు ముందే ఇది ముగియుట, లేదా ఇది మొదలగుటకు ముందే అది ముగియుట. నాకు ఇది ఎప్పుడు చూచినను ఆనందము కలిగించు చిన్న సత్యము.

ఈ పరీక్షలన్నిటను మన ఇద్దరు విద్యార్థులును నెగ్గిరి. ఇప్పుడు సీటు. యంత్రము చేయవలసిన పని మూడు అడుగులు: నిండిన సీట్ల సంఖ్యను చదువుట, అది 60కి తక్కువయా యని పోల్చుట, తక్కువైనచో ఒకటి కలిపి వ్రాయుట. ఒక్కరే వచ్చినచో ఇందు చిక్కేమియు లేదు. ఇద్దరు ఒకేసారి వచ్చినప్పుడు, వారిని ఆపునదేదియు లేనిచో, ఇట్లు జరిగియుండును: ఆమె తరఫున యంత్రము 59 అని చదివెను. ఆమె కొరకు 60 అని వ్రాయుటకు ముందే అతని తరఫున కూడ 59 అని చదివెను. ఇద్దరి పోలికయు సరియైనదే. ఇద్దరి కొరకును 60 అనియే వ్రాయబడెను. పట్టికలో 60, తరగతి గదిలో 61 మంది. ఒక వ్రాత మరియొక వ్రాతను కప్పివేసినది. లెక్క ఎక్కడను తప్పలేదు. తప్పినది చదువుటకును వ్రాయుటకును నడుమ ఉన్న సందు.

ఆ సందును మూయుటకు తాళము కావలెను. చదువబోవునప్పుడే ఆ పంక్తికి తాళము వేసి, వ్రాత ముగిసిన పిదప తీయవలెను. అంతవరకు రెండవవారు వాకిట వేచియుండవలెను. 1976లో ఐబీఎం పరిశోధకులు కపాలి ఈశ్వరన్, జిమ్ గ్రే, రేమండ్ లోరీ, ఇర్వింగ్ ట్రెయిగర్ ప్రకటించిన వ్యాసము, ఈ తాళములను ఏ నియమముతో వేసి తీసినచో ఫలితము ఒకరి తరువాత ఒకరు వచ్చినట్లే యుండునో నిరూపించినది. నియమము చిన్నది: ఒక పనిలో ఒక్క తాళమునైన తీసిన పిదప కొత్త తాళము వేయరాదు. ఈ నియమమును పాటించినచో, వేలమంది ఒకేసారి చేసిన పనుల ఫలితము, వారినందరిని ఏదో ఒక వరుసలో నిలిపి ఒక్కొక్కరినే పిలిచినప్పటి ఫలితముతో సమానమగును. కిటికీ ముందరి ఆ వరుస మరల లభించినది. కాని ఇప్పుడది మనుష్యుల వరుస కాదు, మిల్లీసెకనుల వరుస. అనేక సందర్భములలో ప్రోగ్రామర్లు మూడు అడుగులను ఒకే ఆజ్ఞగా కూర్చి, "నిండినవి 60కి తక్కువైనచో మాత్రమే ఒకటి పెంచుము" అని డేటాబేసుకు చెప్పి, తాళపు బరువును దానికే వదలుదురు.

పాఠము మార్చుకొనుటలో ఇంతకంటె సున్నితమైన సంగతి కలదు. ఒక విద్యార్థి ఆర్థికశాస్త్రమును విడిచి చరిత్రలో చేరగోరెను. విడుచుట జరిగెను; చేరునంతలో చరిత్ర నిండెను; వెనుకకు మరలి చూడగా ఆర్థికశాస్త్రపు సీటును మరియొకరు తీసికొనిరి. చేతిలోనిదియు పోయె, కోరినదియు రాలేదు. నేను పాఠము చెప్పిన ఒకచోట ఇట్లు రెంటికిని చెడిన ఒక విద్యార్థిని కన్నీళ్లతో నా గదికి వచ్చినది నాకు జ్ఞాపకమున్నది. ఆమె చేసిన తప్పేమియు లేదు, రెండు పనులను వేరువేరు పనులుగా వ్రాసిన ప్రోగ్రాముదే తప్పు. అవి రెండును కలిసి ఒక్క పని కావలెను: జరిగినచో రెండును జరుగవలెను, లేనిచో రెండును జరుగలేదనిపింపవలెను. ఇట్టి విడదీయరాని పనికి ట్రాన్సాక్షన్ అని పేరు; దాని లక్షణములను స్పష్టముగా నిరూపించి చెప్పినవారిలో జిమ్ గ్రే అగ్రగణ్యుడు, 1998 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము ఆయనను వరించినది.

కాని తాళములు రెండైనచోట మరియొక ప్రమాదము పొంచియుండును. ఒకడు ఆర్థికశాస్త్రమునకు తాళము వేసి చరిత్ర తాళము కొరకు వేచియున్నాడు; వేరొకడు చరిత్రకు తాళము వేసి ఆర్థికశాస్త్రము కొరకు వేచియున్నాడు. ఇద్దరును ప్రళయకాలమువరకు వేచియుండవలసినదే. ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చిన ఎడ్లబండ్లవలె ఎవ్వరును వెనుకకు పోనొల్లని ఈ స్థితి డెడ్‌లాక్. దీనికి మందు సామాన్యమైనది: ఏ పని చేయువారైనను తాళములను పాఠ్యాంశపు కోడ్ వరుసలోనే, చిన్న సంఖ్యనుండి పెద్ద సంఖ్యకు, వేయవలెను. అప్పుడు బండ్లన్నియు ఒకే దిక్కున పోవును. ఆ క్రమము తప్పినచోట డేటాబేసే చిక్కును కనిపెట్టి, ఒకరి పనిని రద్దుచేసి, మరల మొదటినుండి మొదలుపెట్టించును.

వ్రాసినది నిలుచునను హామీ కూడ కావలెను. సీటు దొరికినదని తెరపై చూపిన మరుక్షణమే కరెంటు పోయినచో ఏమి గతి? మన పూర్వపు వర్తకులు దీనికి సమాధానమెరుగుదురు. దుకాణములో జరిగిన ప్రతి బేరమును వెంటనే చిట్టాలో వ్రాసి, తీరికవేళ దానిని ఆవర్జాలోని పేరువారీ ఖాతాలకెక్కించెడివారు. ఆవర్జా సగములో ఆగినను చిట్టా చూచి పూర్తిచేయవచ్చును. డేటాబేసు సరిగా ఇట్లే చేయును: మార్పును మొదట లాగ్ అను చిట్టాలో చెరగనట్లు వ్రాసి, అటుపిమ్మటనే విద్యార్థికి ఔనని చెప్పును; పట్టికలలోనికి ఎక్కించుట తరువాత నెమ్మదిగా జరుగును. యంత్రము పడిపోయి లేచినప్పుడు అది చేయు మొదటి పని చిట్టా తిరుగవేయుట.

ఇంత పకడ్బందీగా కట్టిన యంత్రము తొమ్మిది గంటలకు ఎందుకు స్తంభించును? సర్వరు బలము చాలదని సామాన్యముగా అందురు. అది సగము నిజము. 1909లో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీకి చెందిన ఆగ్నెర్ ఎర్లాంగ్ ఆరంభించిన క్యూ శాస్త్రము మిగిలిన సగమును చెప్పును. ఒక్కరే సేవచేయుచున్న కిటికీ వద్దకు జనులు క్రమములేక వచ్చుచున్నప్పుడు, దాని శక్తిలో సగము వినియోగమైనచో ఒక్కొక్కరు గడపవలసిన కాలము సరాసరిన అసలు సేవాకాలమునకు రెండింతలు. 90 శాతము వినియోగమైనచో పదింతలు. 99 శాతమైనచో నూరింతలు. రాకలు కొంచెమే పెరిగినను నిరీక్షణము కొండవలె పెరుగునన్నమాట. అందరును కోరు ఒక్క పాఠపు పంక్తి వద్ద తాళము కొరకు ఏర్పడు వరుసకు ఇదియే సూత్రము వర్తించును. చుట్టును ఎన్ని సర్వర్లు చేర్చినను ఆ ఒక్క పంక్తి ఒక్కటియే. ఇక తెర కదలకపోగా విద్యార్థి మరల మరల రిఫ్రెష్ నొక్కుట వరుసలో తన ప్రతిరూపములను నిలుపుటయే. అందుచేత వివేకముగల సంస్థలు విద్యార్థులను గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క వేళ నిర్ణయించును. తిరుమలలో దర్శనమునకు వేళ వేసి టోకెన్లిచ్చుటలోని యుక్తియే ఇది.

ఇంతవరకు చెప్పినది ఇద్దరిలో ఒక్కరికే సీటు చేరుట ఎట్లనునది. ఆ ఒక్కరు ఎవరు కావలెననునది వేరు ప్రశ్న. తాళమునకు దీనితో నిమిత్తము లేదు. ముందు తాకిన చేతికి అది లొంగును. గ్రంథాలయపు వైఫైకిని, బస్సులోని ఫోను సిగ్నలుకును ఉన్న తేడా వలన అతని కోరిక కొన్ని మిల్లీసెకనులు ఆలస్యముగా చేరినది. ముందు వచ్చినవారికి ముందు అను నియమము కిటికీ ముందు న్యాయముగా తోచెడిది, ఏలయన తెల్లవారుజామున వచ్చి నిలుచుటలో కోరిక యొక్క తీవ్రత కొంతయైన వ్యక్తమయ్యెడిది. మిల్లీసెకనులలో ఏ తీవ్రతయు వ్యక్తము కాదు. దీనిని న్యాయమనుటకు నా మనస్సంగీకరింపదు.

మన తెలుగు ఇండ్లలో ఇంజనీరింగు సీటు కొరకు వెబ్ ఆప్షన్లు పెట్టిన తల్లిదండ్రులకు ఇంతకంటె మేలైన విధానము పరిచితమే. అచట వేగమునకు విలువ లేదు. గడువులోపల ఎప్పుడు పెట్టినను ఒకటే. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అను గణితజ్ఞులు కాలేజీ ప్రవేశములను గురించి వ్రాసిన చిన్న వ్యాసమున దీని మూలమున్నది. ప్రతి విద్యార్థియు తన మొదటి కోరికయైన కాలేజీని అడుగును. కాలేజీ తనకున్న సీట్లమేరకు మేలైనవారిని తాత్కాలికముగా మాత్రమే నిలుపుకొని మిగిలినవారిని త్రోసివేయును. వారు తమ రెండవ కోరికకు పోదురు. అంతకంటె మేలైనవారు వచ్చినచో నిలిపినవారిని కూడ కాలేజీ విడుచును. ఎవ్వరును కదలని స్థితి వచ్చువరకు ఇట్లు సాగును. అమెరికాలో కొత్త వైద్యులను ఆసుపత్రులకు కేటాయించు కేంద్రము 1950ల ఆరంభమునుండి ఆచరించుచున్న పద్ధతి తత్త్వమున ఇదియేయని ఆల్విన్ రాత్ 1984లో చూపెను; 2012లో అర్థశాస్త్రపు నోబెల్ రాత్, షాప్లీలకు లభించినది. 2015నుండి ఐఐటీ, ఎన్ఐటీ సీట్లను ఉమ్మడిగా పంచుచున్న జోసా కూడ ఈ కుదురునుండి మొలిచినదే. దొరికిన సీటుతోనే ఆగుదునా, ఇంకను మేలైనదానికై వేచియుందునా అని తెలుపు ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అను మాటలు జులై మాసమున మన వీధులలో సైతము వినబడును. ఇట్టి పద్ధతిలో విద్యార్థి తన మనస్సులోని వరుసనే వ్రాయుట ఉత్తమమని గణితము నిరూపించినది. దొరకదని భయపడి ఇష్టమైన కాలేజీని క్రిందికి దించువారు తమకు తామే నష్టము చేసికొందురు. అందని కోరికను మొదట వ్రాసినందున క్రిందివాటిపై అవకాశము తగ్గదు. ఈ ఒక్క మాట ప్రతి ఇంటికిని చేరవలెనని నా కోరిక.

అయితే ఈ విధానమునే పాఠ్యాంశములకు ఏల వాడరాదు? ప్రవేశమున విద్యార్థికి కావలసినది ఒక్క సీటు. రిజిస్ట్రేషనున కావలసినది సీట్ల గుత్తి. గుత్తిలో ఒకదాని విలువ మరియొకదానిపై ఆధారపడును. సిద్ధాంతపాఠము లేనిచో ల్యాబు నిరుపయోగము. ఒకే విషయమును చెప్పు ఇద్దరు ఆచార్యులలో ఒకరు చాలును. ఆరున్నర లక్షల గుత్తులను ఇష్టమువారీగా వరుస వ్రాసి ఇమ్మని ఎవ్వరిని అడుగగలము?

లాటరీ వేసి, వచ్చిన సంఖ్య వరుసలో ఒక్కొక్కరిని పిలిచి, కావలసిన గుత్తి నంతయు తీసికొమ్మనవచ్చును. ఇందు అబద్ధమాడవలసిన పనియుండదు. కాని మొదటివాడు తన ఐదవ పాఠముగా నామమాత్రపు ఇష్టముతో తీసికొన్న సీటు, చివరివాని మొదటి కోరిక కావచ్చును. హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఈ లోపమును తగ్గించుటకు ఒక్కొక్క చుట్టులో ఒక్కొక్క పాఠమునే ఇచ్చి, మొదటి చుట్టు ముందునుండి వెనుకకును, రెండవది వెనుకనుండి ముందుకును నడిపెడిది. విద్యార్థులు వెంటనే ఉపాయము కనిపెట్టిరి: నిజముగా మిక్కిలి ఇష్టమైనదైనను త్వరగా నిండనిదైనచో దానిని క్రిందికి దించి, త్వరగా నిండుదానిని పైకెక్కించిరి. ఎరిక్ బుడిష్, ఎస్టెల్ కాంటియోన్ అను పరిశోధకులు 2012లో ఈ నడతను పరిశీలించి, ఇట్టి కపటము వలన నష్టము కలుగుచున్నను, లాటరీలో మొదటివానికి సర్వమును అప్పగించుటకంటె ఇదియే మేలని తేల్చిరి. నిజాయితీని నిలుపు పద్ధతికంటె కపటమునకు తావిచ్చు పద్ధతి ఎక్కువ దయగలదగుట అసాధారణమైన ఫలితము. నేను దీనిని మొదట చదివినప్పుడు పుస్తకము మూసి చాలసేపు ఆలోచించితిని.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వార్టన్ స్కూలు వేరొక త్రోవ త్రొక్కినది: ప్రతి విద్యార్థికిని కొన్ని పాయింట్లిచ్చి పాఠములను వేలమువేసినది. వేలమనగా ఇష్టము ఎక్కువైనవానికే పోవునని తోచును. కాని ఆ పాయింట్లకు వెలుపల విలువ లేదు. మిగుల్చుకొని చేయునదేమియు లేదు. తక్కువ పాయింట్లు చాలుననుకొని సీటు పోగొట్టుకొన్నవారును, భయముతో ఎక్కువ కుమ్మరించినవారును ఉండక తప్పదు. తాయ్‌ఫున్ సొన్మెజ్, ఉట్కు ఉన్వర్ 2010లో దీని మూలదోషమును చక్కగా ఎత్తిచూపిరి: ఒక్క పాయింట్ల సంఖ్యయే ఇష్టమునకు కొలతగాను, హక్కునకు కొలతగాను వాడబడుచున్నది, పోటీ లేని పాఠము ప్రాణప్రదమైనదైనను దానిపై వివేకి తక్కువ పెట్టును, యంత్రము దానిని ఇష్టము తక్కువగా గ్రహించును.

బుడిష్ 2011లో ప్రతిపాదించిన సమాధానము ఈ చిక్కుముడిని మరియొక కొననుండి విప్పినది. విద్యార్థి వేలము పాడనక్కరలేదు. తన కోరికలను మాత్రము యంత్రమునకు చెప్పవలెను. యంత్రము అందరికిని దాదాపు సమానమైన కల్పితధనమునిచ్చి, ప్రతి పాఠమునకును ఒక ధర వెదకును. ఆ ధరలకు ఒక్కొక్కరు కొనగలిగిన గుత్తులలో అత్యంత ప్రియమైనదేదో తానే కొనిపెట్టును. ధరలు సరిగా కుదిరినచో కోరికలును సీట్లును సరిపోవును.

ఇచ్చట "దాదాపు" అను మాట ఊరక వాడినది కాదు. మన ఇద్దరు విద్యార్థులకును సరిగా సమానమైన ధనమున్నదనుకొనుడు, సీటు ఒక్కటే. ధర వారి ధనమునకు మించనంతవరకు ఇద్దరును కొందురు. మించినంతనే ఇద్దరును కొనలేరు. ఒక్కరు మాత్రమే కొను ధర ఏదియు లేదు. ఒకరికి నూరు, మరియొకరికి నూటయొకటి ఇచ్చినచో, ఆ రెంటి నడుమ ఒక ధర దొరకును. విభజింపరాని వస్తువు ఎదుట సమానత్వము ఎక్కడో ఒకచోట, కొంచెముగానైన, తెగక తప్పదు. తాళము దానిని మిల్లీసెకనుల వద్ద త్రెంచినది. కోరిక వినకముందే త్రెంచినది. బుడిష్ పద్ధతి దానిని లాటరీవలె పంచిన ఒక రూపాయి తేడా వద్ద, అందరి కోరికలను పూర్తిగా విన్న పిదప త్రెంచును. ఆ తేడా చిన్నది కనుక దాని బలమును చిన్నదే. ఒక సీటును తప్పింపగలదు కాని ఒకని సెమిస్టరునంతయు పాడుచేయలేదు. అట్లు చేసినను సీట్ల లెక్క సంపూర్ణముగా సరిపడునను హామీ లేదు. కొన్ని తరగతులలో కొన్ని సీట్లు అటునిటు కావచ్చును. కాని ఆ తప్పునకు ఒక ఎల్లయున్నదనియు, ఆ ఎల్ల విద్యార్థుల సంఖ్యతో పెరగదనియు ఆయన నిరూపించెను.

2013లో వార్టన్ తన వేలమును మాని, ఈ సిద్ధాంతముపై నిర్మించిన కోర్స్ మ్యాచ్ అను సాఫ్ట్‌వేరును ప్రవేశపెట్టినది. విద్యార్థి ప్రతి పాఠమునకును 0 నుండి 100 వరకు అంకెనిచ్చును. రెండు పాఠములు కలిసినప్పుడు విలువ పెరుగునో తరుగునో కూడ చెప్పవచ్చును. చెప్పినది తన మనస్సునకు సరిపోవుచున్నదో లేదో చూచుకొనుటకు, ఆ అంకెల ప్రకారము అతనికి అత్యంత ప్రియములైన పది టైంటేబుళ్లను యంత్రము తిరిగి చూపును. అది నాకు మిక్కిలి నచ్చిన ఏర్పాటు. ధరలను వెదకుటయో, ఎన్నో కంప్యూటర్లను కలిపి నడుపవలసిన పని; ఈ వెదకులాట సామాన్యముగా ఎంత కఠినమో గణనశాస్త్రజ్ఞులు వేరుగా నిరూపించియున్నారు. దొరికిన ధరలకు తరగతి పొంగిపొరలినచో ఆ పాఠపు ధర పెంచి సర్దుదురు. ఆ పిదప మిగిలిపోయిన సీట్లను విద్యార్థుల ధనమును కొంచెము పెంచి నింపుదురు.

అయినను ప్రపంచమున అధికభాగము విశ్వవిద్యాలయములు నేటికిని తొమ్మిది గంటల ద్వారమునే తెరచుచున్నవి, కనుక మన బస్సులోని విద్యార్థి ఏమయ్యెనో చెప్పవలసియున్నది. తరగతి నిండినదని తెలిసిన పిదప అతడు వెయిట్‌లిస్టులో మొదటివాడుగా పేరు వ్రాయించుకొని, ఆ వేళకు ఆర్థికశాస్త్రమును చేర్చుకొనెను. రెండవ వారమున గణాంకశాస్త్రమునుండి ఒకరు తప్పుకొనిరి. సీటు ఖాళీయైనంతనే యంత్రము వెయిట్‌లిస్టు తెరచి, మొదటి పేరును తీసికొని, పాత ప్రశ్నలనే మరల మొదటినుండి అడిగెను. క్లాష్. ఇంతటితో అతనిని విడిచి రెండవ పేరునకు పోవలసినదే. కాని అతడు నాడే, ఇది వచ్చినచో అది విడుతునని సూచించు గడిలో గుర్తుపెట్టియుండెను. యంత్రము కోడ్ వరుసలో రెండు పంక్తులకును తాళము వేసి, విడుచుటను చేరుటను ఒక్క పనిగా చిట్టాలో వ్రాసి, తాళములు తీసి, అతని ఫోనునకు సందేశము పంపెను. అప్పటికి రాత్రి పదకొండు. అతడు నిద్రించుచుండెను. అతడు విడిచిన ఆర్థికశాస్త్రపు సీటు వద్ద మరియొక వెయిట్‌లిస్టు కలదు. యంత్రము అందులోని మొదటి పేరును తీసికొనెను.